జేబు మూల గింజ

మా నాన్నకి తన కుట్టు కనబడితే చాలు, మొహం వెలిగిపోయేది. అది తన కుట్టు కాకపోయినా సరే.

ఇవాళ ఇంత తేలిగ్గా అనేస్తున్నాను గానీ, ఆ ఎండాకాలం దాకా మా ఇంట్లో ఎవరమూ ఈ మాట పైకి అన్నది లేదు. టైలరు కొట్లలో పద్ధతే అంత. కత్తెర పట్టినవాడే కుట్టినవాడు. నాన్న ముందు గదిలో గాజు తలుపు పక్కన మెడలో టేపు వేసుకుని నిలబడేవాడు. కొలతలు తీసేవాడు, చాక్‌తో గీసేవాడు, కత్తిరించేవాడు. ఆ ముక్కలు చెక్క అడ్డం అవతలికి వచ్చేవి. అక్కడ అమ్మ, నేను, రెండు తొక్కుడు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తిరుగుతున్నానని మాటవరసకి అనిపించుకునే ఒక ఫ్యాను. కాలరు దగ్గర్నించి కాజాల దాకా అంతా మా చేతుల మీదే. చొక్కా తయారై మళ్ళీ ముందు గదిలోకి వెళ్ళేసరికి అది నాన్న కుట్టిన చొక్కా అయిపోయేది. "ఎవరు కుట్టారు మాస్టారూ, ఇంత బాగా?" అంటే "ఇంకెవరు, నేనే" అనేవాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకి తోచను కూడా తోచేది కాదు. మా వీధిలో ఏ మాస్టారుని అడిగినా అదే జవాబు.

ఇక గింజ సంగతి చెప్పాలి. చెయ్యి పెట్టీ తీసీ చొక్కా జేబు పైమూలలు ఊరికే ఊడిపోతాయి. అందుకని అందరూ అక్కడ మిషన్ని ముందుకీ వెనక్కీ రెండుసార్లు తోసి చేతులు దులుపుకుంటారు. అమ్మ అలా కాదు. దారం మూడు పేటలు చేసి, మెలిపెట్టి, సూదితో మూలన చిన్న కుట్టు వేస్తుంది. నువ్వుగింజంత ఉంటుంది. మేం దాన్ని గింజ అనేవాళ్ళం. "ఏమేవ్, గింజలు పెట్టావా?" అని నాన్న అడ్డం అవతల్నించి అరిస్తే, "పెట్టకపోతే మీరు ఊరుకుంటారా?" అని అమ్మ ఇవతల్నించి అనేది. ఊరంతా మా జేబుల్ని మెచ్చుకునేది ఆ గింజ చూసే.

ఆ గింజే ఒక మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్ళింది.

లాయరమ్మ మా కొట్టుకొచ్చిన రోజు కరెంటు పోయి, నాన్న అట్టముక్కతో విసురుకుంటున్నాడు. చెమటతో తడిసి ముద్దైన మనిషి, భుజాన పెద్ద సంచి. మంచినీళ్ళు అడిగి తాగింది. సంచిలోంచి ఒక పాత గళ్ళ చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"మాస్టారూ, ఇది ఎవరి కుట్టో చెప్పగలరా?"

నాన్న దాన్ని తలుపు వెలుతురులోకి తీసుకెళ్ళి జేబు మూల బొటనవేలితో తడిమాడు. మొహం విప్పారింది.

"అదేం ప్రశ్నమ్మా. నాదే."

"ఖాయంగా మీదేనా?"

"నా పిల్లని నేను గుర్తుపట్టలేనా? ఈ మూల చూడు. చెయ్యి తిరిగినవాడు తప్ప ఇలా వెయ్యలేడు." మా ఇద్దరికీ వినబడాలని కాస్త గొంతు పెంచాడు కూడా.

ఆవిడ కాలరు వెనక్కి తిప్పి చూపించింది. నేను అడ్డం సందులోంచి చూస్తున్నాను. అక్కడున్న లేబులు మాది కాదు. ఎదురు కొట్టుది. ఆ కొట్టు మాస్టారుతో నాన్నకి మాటల్లేక ఏళ్ళయింది, ఒకరి నీడ ఒకరికి పడదు. ఆవిడ ఇంకో చొక్కా తీసింది. జేబు మూల అదే గింజ. లేబులు వీధి చివరి కొట్టుది.

"ఇవి కూడా మీరే కుట్టారా మాస్టారూ?"

నాన్న చేతిలో అట్టముక్క ఆగిపోయింది. "ఎవరమ్మా నువ్వు?"

"డ్రైవరు తరఫు లాయర్ని."

ఆ మాటకి నా కాలు మిషను మీద ఆగిపోయింది. అమ్మ మిషను మాత్రం ఆగలేదు. సూది కింద గుడ్డ లేకుండా ఖాళీగా తిరుగుతూనే ఉంది.

నేను బడికెళ్ళే రోజుల్లో పక్క వీధిలో తాకట్టు కొట్టాయన్ని ఎవరో చంపేశారు. కొట్టు వెనక, నెత్తురంటిన చారల చొక్కా ఒకటి దొరికింది. లేబులు పీకేసి ఉంది. పోలీసులు దాన్ని పట్టుకొచ్చి చూపిస్తే, నాన్న జేబు తడిమి, "ఇది నేను లారీ డ్రైవరుకి కుట్టాను" అన్నాడు. ఆ డ్రైవరు అంతకుముందే ఆ కొట్టులో ఏదో గడియారం గురించి నానా గొడవా చేసి వెళ్ళాడట. ఇంకేం కావాలి? కోర్టులో అతను మొత్తుకున్నాడు: "నాకు అలాంటి చొక్కా ఉన్న మాట నిజమేనండీ. కానీ అది జేబు దగ్గర చిరిగిపోయింది. లారీ అద్దం తుడిచే గుడ్డ చేసి ఎప్పుడో పారేశాను." ఆ మాటకి నాన్నకి ఎక్కడలేని రోషం వచ్చింది. బోనెక్కి, "నేను కుట్టిన చొక్కా చిరగదండీ" అన్నాడు. "ఆ జేబు ఈ ఊళ్ళో నేను తప్ప ఇంకెవరూ పెట్టలేరు. ఆ చారల గుడ్డతో నేను కుట్టింది ఈయనొక్కడికే" అన్నాడు. ఉరిశిక్ష పడింది. మర్నాడు పేపర్లో నాన్న ఫోటో వచ్చింది. నేను బళ్ళో బల్లెక్కి చెప్పుకున్నాను, మా నాన్న కుట్టు హంతకుణ్ణి పట్టించిందని.

అప్పుడు కూడా నా పుస్తకాల సంచిలో, పుస్తకాల కింద, ఎదురు కొట్టు వాళ్ళ జేబు ముక్కల కట్ట ఉంది.

ఎందుకంటే పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో అమ్మ పై కొట్లకి కూడా జేబులు కుట్టిపెట్టేది. తన చేతికంటూ ఏదైనా ఉండాలని. ఆ కట్టలు తెచ్చేదాన్నీ ఇచ్చేదాన్నీ నేనే, వెనక గుమ్మంలోంచి. మాస్టారు భార్య పోటీ కొట్లకి పనిచేస్తోందంటే పరువేం కావాలి? అందుకని నాన్నకి తెలీదు. అంటే తెలుసు. నా సంచి ఉబ్బి ఉన్నప్పుడల్లా, "ఏమే, తెగ చదివేస్తున్నావే!" అని నవ్వి అటు తిరిగేవాడు. మా ఇంట్లో తెలియడం, తెలియకపోవడం అలా పక్కపక్కనే కాపురం చేసేవి.

లాయరమ్మ తిన్నగా నాన్న మొహంలోకి చూసింది. "ఆ చారల గుడ్డ ఆ ఏడాది ఊళ్ళో సగం మంది వేసుకున్నారు. ఈ జేబు కనీసం మూడు కొట్ల చొక్కాలకి ఉంది. ఆ చొక్కా మీదేనని ఇప్పటికీ అంటారా?"

"చంపినవాణ్ణి కాపాడటానికి తిరుగుతున్నావా? సిగ్గనిపించట్లేదూ?"

"చంపినవాడైనా సరే, ఉరి వద్దనే మనిషిని నేను. నా మాట పక్కన పెట్టండి. రేపు మీ సాక్ష్యం పొరపాటని తేలిందనుకోండి. లోపల పెట్టిన మనిషికైతే తలుపు తీసి రమ్మనొచ్చు. ఉరి వేసేశాక ఎవర్ని రమ్మంటాం?"

నాన్న అట్టముక్కతో మళ్ళీ విసురుకోసాగాడు.

"ఈ ఎండలు తగ్గేలోపు పెద్ద కోర్టు ఆఖరుసారి వింటుంది" అందావిడ. "అక్కడ కాదంటే ఇక ఉరికి తేదీ వెయ్యడమే మిగులుతుంది. ఆయన్ని అక్కడిదాకా తెచ్చింది మీ మాట ఒక్కటే. వెనక్కి తేవాలన్నా మీ మాటే కావాలి." చొక్కాలు రెండూ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్న చిందులు తొక్కాడు. "ఇద్దరూ నోరెత్తకండి. ఎవరైనా వచ్చి అడిగితే మాకేం తెలీదనండి. అర్థమైందా?"

"అర్థమైంది. ఆయన్ని ఉరి తీస్తారన్న సంగతి మీకు అర్థమైందా?" అన్నాను. నాకు నోటి దురుసు మొదట్నించీ ఉంది.

"నేను తీస్తున్నానా? జడ్జి లేడూ, పోలీసుల్లేరూ, లాయర్లు లేరూ? అంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని తేల్చిందానికి మధ్యలో నేనెంత? టైలర్ని!"

"పేపర్లో ఫోటో వేసినప్పుడు అంత చిన్నవాళ్ళు కాదుగా మీరు."

కంచం తోసేసి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. కోపం పోయి మొహంలో భయం కనబడింది. "ప్రమాణం చేసి చెప్పానే. ఇప్పుడు కాదంటే అబద్ధాలకోరు అంటారు. లోపలేస్తారు. కొట్టు మూసుకోవాలి. నీకేం తెలుసు?" అన్నాడు. అమ్మ తల ఎత్తలేదు. తను పెట్టిన అన్నం తనే మెతుకు ముట్టలేదు.

అన్నాలయ్యాక నేను కాలర్లు తిరగేస్తుంటే, అమ్మ ఇస్త్రీ చేస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ రోజు నేనూ కోర్టుకెళ్ళాను, గుర్తుందా?"

"ఉంది. కొత్త చెప్పులేసుకుని వెళ్ళావు."

"వెనక బెంచీలో కూర్చున్నాను. మీ నాన్న ఆ జేబు పైకెత్తి అందరికీ చూపించాడు. ఇంత పనితనం ఈ ఊళ్ళో ఇంకో చేతికి రాదన్నాడు. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని మరీ చూసి, చాలా చక్కగా ఉందన్నాడు." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. "ఇన్నేళ్ళ కాపురంలో నా పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు తల్లీ. నా పేరు చెప్పకపోతేనేం, నాదేగా! నాకు ఒళ్ళు పులకరించింది. సంతోషం పట్టలేకపోయాను. అక్కడ బోనులో ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న సంగతే నా బుర్రలో లేదు."

నేను చేతిలో కాలరు ఒళ్ళో పెట్టేసుకున్నాను.

"చొక్కా చిరిగిందన్నాడు చూడు, ఆ మాట ఇంటికొచ్చాక బుర్రకెక్కింది. గింజ గట్టిది, ఊడదు. కుట్టు ఊడకపోతే ఏమవుతుంది? దాని పక్కన గుడ్డ చిరుగుతుంది. అలా చిరిగినవి ఎన్ని నా దగ్గరకి మాసికెయ్యమని రాలేదూ! ఆయన నిజమే చెప్పాడేమోనని అప్పుడు తట్టింది."

"తట్టాకైనా చెప్పాల్సింది కదమ్మా!"

"చెబుదామనే అనుకున్నాను. పొద్దున్నే తలుపు తీసేసరికి వాకిట్లో జనం. అందరికీ ఆ జేబే కావాలి. రోజూ రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గింజలు పెడుతూ కూర్చున్నాను. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

అమ్మ మీద గట్టిగా అరవాలనిపించింది. ఏ నోటితో అరవను? ఆ జనాన్ని చూసి గంతులేసింది నేను. ఆ గిరాకీ డబ్బుతో కొట్టుకి గాజు తలుపు బిగిస్తుంటే దాని మీద చెయ్యేసి నిలబడి ఫోటో తీయించుకున్నది నేను. కట్టలు మోసిన చేతులు నావి. చిన్నపిల్లని, తెలీదు అని ఎవరైనా అనొచ్చు. నేను మాత్రం అనుకోలేను, ఎందుకంటే పెద్దయ్యాక కూడా ఒక్కసారంటే ఒక్కసారి ఆ డ్రైవరు గుర్తురాలేదు.

ఎండలు ముదిరాయి. నాన్న ఆ రెండు చొక్కాల్ని మడిచి బీరువాలో పెట్టేవాడు, మళ్ళీ తీసేవాడు. లేబులు చూసేవాడు, జేబు చూసేవాడు. ఎవరైనా "ఆ జేబు పెట్టండి మాస్టారూ" అంటే ఉలిక్కిపడేవాడు. అడ్డం అవతల్నించి గింజల మాట రావడం మానేసింది.

అలాంటి ఒక ఉదయం బస్సు కండక్టరు ఒకామె తలుపు తోసుకుని వచ్చింది. ఒంటి మీద యూనిఫాం, భుజానికి టికెట్ల సంచి. డ్యూటీ దిగి ఇటే వచ్చినట్టుంది. చంకలో తెల్ల గుడ్డ పొట్లం.

"మా అన్నయ్యకి చొక్కా కుట్టాలి."

"కొలత చొక్కా తెచ్చారా?" అన్నాడు నాన్న అలవాటుగా.

"లేదండీ. చొక్కా వేసుకుని చాలా ఏళ్ళయింది ఆయన. అక్కడిచ్చిందే తొడుక్కుంటాడు. కోర్టుకి తీసుకొస్తారట, ఆ ఒక్క రోజూ మన బట్టలు ఒప్పుకుంటారట." సంచిలోంచి పురికొస చుట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అక్కడక్కడా ముడులున్నాయి. "లోపలికి టేపు పట్టుకెళ్ళనివ్వరు. వార్డరు మంచివాడు, దీంతో కొలిచి ముడులేసి ఇచ్చాడు. ఈ ముడి దాకా మెడ. ఇది ఛాతీ. ఇది చెయ్యి."

అప్పటికి నాన్నకి అర్థమైంది. "ఊళ్ళో ఇన్ని కొట్లుండగా ఇక్కడికెందుకొచ్చావమ్మా?" అన్నాడు.

"లాయరమ్మ వెళ్ళొద్దనే అంది. నేనే వచ్చాను. మీరు మా అన్నయ్య కొలత ఒకసారి చేత్తో పట్టుకోవాలనిపించింది, అంతే. కుట్టనంటే చెప్పండి, పట్టుకెళ్ళిపోతాను." ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"కుడతాను" అన్నాడు నాన్న.

ఆమె వెళ్ళాక గుడ్డ పరిచాడు. పురికొస విప్పి మెడ ముక్కని టేపు మీద ఆనించాడు. చదివాడు. మళ్ళీ ఆనించి చదివాడు. "ఇంతేనా?" అన్నాడు తనలో తను. "ఎద్దులాంటి మెడ ఉండేది అతనికి. కాలరు పెట్టడానికి తంటాలు పడేవాణ్ణి." పురికొస ఆ చివర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత చాక్ తీసి గీశాడు. కత్తెర పెట్టాడు. పెట్టినచోటే ఉంది కత్తెర, కదలట్లేదు. జీవితమంతా కళ్ళు మూసుకుని కత్తిరించిన మనిషి, కాలరు గీత దగ్గర నిలబడిపోయాడు. నేను దగ్గరికెళ్ళబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కాసేపటికి గుడ్డ, పురికొస, కత్తెర అన్నీ పట్టుకుని ఆయనే అడ్డం ఇవతలికి వచ్చాడు. ఇవతలికి ఆయన రావడమే అరుదు.

"నా వల్ల కావట్లేదే. నువ్వు కత్తిరించు."

అమ్మ ఎన్నడూ ఆ కత్తెర ముట్టి ఎరగదు. తీసుకుంది. మొత్తం కత్తిరించింది. జేబు ముక్క మాత్రం నాన్న లాక్కున్నాడు. "ఇది నేను పెడతాను. గింజ కూడా నేనే వేస్తాను. కోర్టులో నాదన్నాను కదా, వేసి చూపిస్తాను."

నా మిషను ముందు కూర్చుని జేబు అంటించాడు. సూది తీసుకుని మూలన మొదలుపెట్టాడు. దారం చిక్కుపడింది. కోసేసి మళ్ళీ వేశాడు. ఉండకట్టింది. విప్పాడు. తెల్ల గుడ్డ మీద వేలి నెత్తురు మరక పడితే ఆ ముక్క పారేసి ఇంకోటి తీశాడు. మధ్యాహ్నం టీ చల్లారిపోయింది. ఆయన వీపు నాకు కనబడుతోంది, చెమటకి బనియను అంటుకుపోయి. నాకు నవ్వు రావాలి నిజానికి. రాలేదు.

చివరికి జేబు ముక్కని అమ్మ ముందు పెట్టాడు.

"ఎలా వేస్తావే ఇది?"

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఇప్పుడా అడగడం?" అంది. సూది అందుకుని గింజ పెట్టింది. నాన్న పక్కన నిలబడి చూశాడు, కొత్తగా పనిలో చేరినవాడిలా. మర్నాడు పొద్దున్నే చొక్కా పొట్లం కట్టుకుని, ఎదురు కొట్టు చొక్కా, చివరి కొట్టు చొక్కా కూడా పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా లాయరమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కోర్టు హాలు ఉడికిపోతోంది. డ్రైవర్ని తీసుకొచ్చి బోనులో నిలబెట్టారు. మేం కుట్టిన తెల్లచొక్కా ఆయనకి సరిగ్గా సరిపోయింది. ఆ సరిపోవడం చూడలేకపోయాను.

సర్కారు లాయరు నాన్నని ఆడుకున్నాడు. "అయితే మాస్టారూ, అప్పుడు అబద్ధం చెప్పారా? ఇప్పుడు చెబుతున్నారా?"

"అప్పుడండీ."

"ఎందుకు చెప్పారో?"

"మా పనిలో కత్తిరించినవాడే కుట్టినట్టండీ. ఎవరడిగినా నేనే అంటాం. అది అబద్ధమని నాకు..." హాల్లో ఎవరో నవ్వారు. నాన్న ఆగాడు. బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు. "కాదు. తెలుసు. మా ఆవిడ పై కొట్లకి జేబులు కుట్టేదని నాకు తెలుసు. మా అమ్మాయి సంచిలో దాచుకుని తెచ్చేది, రోజూ చూసేవాణ్ణి. నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ వేసి దాచాను. నామోషీ తప్ప ఇంకేం లేదండీ కారణం." ఇక ఎవరూ నవ్వలేదు.

తర్వాత అమ్మని పిలిచారు. ఆ గింజ అక్కడే వేసి చూపించమని లాయరమ్మ అడిగింది, జడ్జి సరేనన్నాడు. చిన్న బల్ల వేశారు. అమ్మ చేతులు వణికి సూదిలో దారం ఎక్కట్లేదు. నన్ను రానిచ్చారు, ఎక్కించి ఇచ్చాను. ఒకసారి సూది గుడ్డలోకి దిగాక ఆ చేతులకి వణుకు లేదు. వేసింది, దారం పళ్ళతో కొరికింది, ఇచ్చింది. పెట్టెలోంచి ఆ పాత చారల చొక్కా తీశారు. నెత్తురు మరకలు నల్లబడి అట్టకట్టి ఉన్నాయి. దాని జేబు, పై కొట్ల చొక్కాల జేబులు, ఇప్పటి ముక్క అన్నీ పక్కపక్కన పెట్టి జడ్జి భూతద్దంతో చూశాడు. అన్నీ ఒకటే చెయ్యి. చారల చొక్కా ఏ కొట్టుదో చెప్పే నాథుడు లేడని అందరికీ తేలిపోయింది.

ముసలి జడ్జి, చెడ్డవాడేం కాదు. ఆ ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ, మనసులో మాట పైకొచ్చినట్టు, "చాలా చక్కగా ఉందమ్మా మీ పని" అన్నాడు.

అమ్మ చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది.

"అలా అనకండి బాబూ" అంది. "మీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం అనకండి."

జడ్జికి అర్థం కాలేదు. బోనులోంచి డ్రైవరు మొదటిసారి తలెత్తి అమ్మ వంక చూశాడు. ఆయనకి మాత్రం ఏం అర్థమైందో నాకు తెలీదు.

ఉరి ఆపేశారు. కేసు మళ్ళీ మొదట్నించీ విన్నారు. చొక్కా తీసేస్తే ఆ కేసులో ఏమీ మిగల్లేదు. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి వదిలేశారు. తాకట్టు కొట్టాయన్ని చంపిందెవరో ఇప్పటికీ తెలీదు. నాన్నని జడ్జి నాలుగు చీవాట్లు పెట్టి పొమ్మన్నాడు. లోపలేస్తారని అంత హడలిపోయిన మనిషి, అదే పట్టుకుని కుమిలిపోయాడు. "నాలుగు రోజులైనా వెయ్యలేదేమే నన్ను? వేసుంటే బావుండేది" అనేవాడు. వచ్చినవాళ్ళు ఎవరు కుట్టారని అడిగితే "మా ఆవిడ" అనడం మొదలుపెట్టాడు. అమ్మకి అది కూడా నచ్చేది కాదు. అడ్డం అవతల్నించి వినగానే మిషను జోరుగా తొక్కేసేది, తర్వాతి మాట వినబడకుండా.

చలికాలంలోనే ఒక రోజు, పొద్దున పదింటికనుకుంటా, గాజు తలుపు బయట ఎవరో నిలబడ్డారు. లోపలికి రావట్లేదు, వెళ్ళట్లేదు. నాన్న తలెత్తి చూసి కుర్చీలోంచి లేచాడు. తలుపు తోసుకుని డ్రైవరు వచ్చాడు.

"రండి... రండి, కూర్చోండి" అంటూ నాన్న స్టూలు తుడిచాడు.

ఆయన కూర్చోలేదు. చేతిలో ఆ తెల్లచొక్కా ఉంది, ఉతికి మడిచి. బల్ల మీద పరిచి జేబు మాకు కనబడేలా తిప్పాడు. మూలన గింజ అలాగే ఉంది, చెక్కుచెదరకుండా. దాని పక్కన గుడ్డ నిలువునా చిరిగింది. ఆ చిరుగులోంచి వేలు దూర్చి చూపించాడు. ఆయన గొంతు నేను వినడం అదే మొదటిసారి. కోపంగా లేదు. ఎప్పుడో చెప్పిన మాటని, అప్పుడు సరిగ్గా వినబడని మనిషికి మళ్ళీ చెబుతున్నట్టు ఉంది.

"చిరిగింది మాస్టారూ" అన్నాడు. "అప్పుడూ ఇలాగే చిరిగింది."

అడ్డం ఇవతల అమ్మ మిషను ఆగిపోయింది. నాన్న ఆ వేలినే చూస్తున్నాడు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"చిరుగుతుందండీ" అన్నాడు. "మా చొక్కా చిరుగుతుంది."